గుమ్మం ముందు చెప్పులు

జనవరి 19, సోమవారం

ఇరవై ఒక్క జతలు, ఒక ఒంటి చెప్పు. గుడ్డు వాసన పదకొండుంబావుకు మొదలైంది. జపం అరవై దగ్గర ఆగింది.

ముందు గది అంగన్‌వాడీకి ఇచ్చింది నాన్న. “పదకొండు నెలలే శారదా, ఆ తర్వాత వాళ్లే వేరే జాగా చూసుకుంటరు” అన్నాడు. నాన్న పోయి తొమ్మిదేళ్లు. అంగన్‌వాడీ పోలేదు. వెల్లుల్లి కూడా ముట్టని ఇంట్లో రోజూ కోడిగుడ్లు ఉడుకుతున్నాయి. ఈ గాజుల గల్లీలో ఇంకెక్కడా ఖాళీ గది లేదట.

అందుకే ఉగాది నుంచి ఈ పుస్తకం రాస్తున్నాను. పూజగది కిటికీలోంచి గుమ్మం ముందు విడిచిన చెప్పులు కనిపిస్తాయి. జతలు లెక్కపెడితే పిల్లల లెక్క. రుజువులు పోగయ్యాక ఆఫీసుకు దరఖాస్తు పెట్టి వీళ్లను ఇక్కడి నుంచి మార్పించాలి. వెళ్లిన రోజు కొబ్బరికాయ కొడతానని దత్తస్వామికి మొక్కుకున్నాను.

దరఖాస్తు ఇంకా రాయలేదు. రుజువులు చాలినట్టు అనిపించడం లేదు.

జనవరి 20, మంగళవారం

పద్దెనిమిది జతలు. గుడ్డు.

అంగన్‌వాడీ టీచర్ కుబ్రా పూజగది గడప బయట నిలబడింది. ఎప్పుడూ అంతవరకే వస్తుంది. చేతిలో ఉత్తరం.

“అమ్మా, వచ్చే సాల్ మన సెంటర్‌కు పైసల్ రావంట. లిస్టుల నుంచి తీసేస్తున్నరు.”

“ఎందుకు?”

“పిల్లలు లేరంట.”

పక్క గదిలో పద్దెనిమిది మంది ఏనుగు పాట పాడుతున్నారు. ఇద్దరం కాసేపు విన్నాం.

సంగతి ఇది. తొమ్మిదిన్నరకు ఫోన్‌లో పిల్లల ఫొటో తీసి పంపాలి. ఈ గల్లీలో ఇంటింటా గాజుల పని. తల్లులు పొద్దున సరుకు అప్పజెప్పి వచ్చి, పిల్లలకు తానం పోసి పంపేసరికి పదిన్నర. ఫొటోలో ఎప్పుడూ ఆరుగురికి మించి పడరు. ఆరుగురికి ఒక సెంటర్ దండగని, దబీర్‌పురా స్టేషన్ అవతల ఉన్న సెంటర్లో కలుపుతారట.

“పట్టాలు దాటి మూడేండ్ల పిల్లల్ని ఎవరు పంపుతరమ్మా? కడుపుతోటి ఉన్నోళ్లు అన్నానికి గంత దూరం నడుస్తరా? కలిపేది ఏం లేదు. బందే.”

స్వామి నా మొర విన్నాడు. ఇంట్లో కొబ్బరికాయ లేదు. రేపు తేవాలి.

జనవరి 21, బుధవారం

ఇరవై జతలు. గుడ్డు. కొబ్బరికాయ తెచ్చాను. చిన్నది. మొక్కుకు పెద్దది కావాలి.

జనవరి 22, గురువారం

గురువారం, దత్తస్వామికి మౌనవ్రతం. పంతొమ్మిది జతలు. గుడ్డు.

ఎర్ర చెప్పుల తహ్రీమ్ కిటికీ దగ్గరికి వచ్చింది. నాలుగేళ్లుంటాయి. ప్రతి గురువారం వస్తుంది. నేను బదులు చెప్పను కాబట్టి దానికి వీలుగా ఉంటుంది. ఈ రోజు సగం గుడ్డు పిడికిట్లో దాచి తెచ్చింది.

“నానీ, తుమ్ ఖాలేవ్.”

తిననని తల అడ్డంగా ఊపాను. పూజగది కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. పిల్లికి వేసి, గట్టు పసుపు నీళ్లతో కడిగాను.

జనవరి 24, శనివారం

పదిహేడు జతలు, ఒక ఒంటి చెప్పు. గుడ్డు.

తమ్ముడు సీతారాం మేడ మీద నుంచి దిగాడు. మా గల్లీ వర్తక సంఘానికి వాడు సెక్రటరీ. చెల్లెలు స్రవంతి అఫ్జల్‌గంజ్ నుంచి ఆటోలో వచ్చింది. అది ఇన్సూరెన్స్ ఏజెంటు. అమ్మ పోయాక ఇద్దరినీ పెంచింది నేను. ఒకరి మాట ఒకరు పూర్తి కానివ్వడం మాత్రం నేర్పలేకపోయాను.

సెంటర్ సంగతి నేను వాళ్లకు చెప్పలేదు. కుబ్రా ఉత్తరం బల్ల మీద ఉండిపోయింది, అంతే. దాని మీద కాఫీ గ్లాసులు పెట్టాను.

“అక్కా, నువ్వు ఫికర్ చెయ్యకు. సర్కారంటే ఏంది? ఒక కాయితం, ఒక శాలువా. గంతే” అన్నాడు సీతారాం.

“శాలువాతోటి బడ్జెట్ ఆగుతదా అన్నా?”

“పదిహేనేండ్ల నుంచి సంఘం నడుపుతున్న. శాలువా కప్పితే కరగని ఆఫీసర్ను నేను సూడలే.”

“ఎండాకాలంల కప్పితే చెమటకు కరుగుతరు” అంది స్రవంతి.

సీతారాం అర్జీ రాశాడు. సంఘం ఎప్పుడు పుట్టింది, సెక్రటరీగారి సేవలు, గల్లీకి వీధిదీపం ఎలా వచ్చింది.

“పిల్లలు ఏ పేజీల వస్తరు?”

“మూడో పేజీల. ముందుగాల మనమెవరో తెల్వాలె గద.”

స్రవంతి దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి రాసింది. బాగానే ఉంది. కానీ చివర ‘మరిన్ని వివరాలకు సంప్రదించండి’ అని తన ఫోన్ నంబరు వేసింది. చెయ్యి అలవాటు.

సీతారాం ఆ నంబరు కొట్టేశాడు. లొల్లి. జపమాల పక్కన పెట్టి నేను నాలుగు ముక్కలు రాసిచ్చాను. ‘మా గల్లీలో అంగన్‌వాడీ ఉంది. పిల్లలు వస్తున్నారు. పదిన్నరకు వస్తారు. ఆ వేళకు వచ్చి చూడండి.’

“గింతేనా?” అన్నాడు సీతారాం.

ఇది వాళ్ల తరఫున రాయడం కాదు. లొల్లి ఆపడానికి రాశాను.

జనవరి 27, మంగళవారం

చెప్పులు చూడలేదు. కుబ్రా, సీతారాం, స్రవంతి, నేను ఆఫీసుకు వెళ్లాం. ఆటోలో అన్నాచెల్లెళ్ల మధ్య ఒకరు కూర్చోవాలి కాబట్టి వెళ్లాను.

ఆఫీసర్ గదిలో ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. కళ్లద్దాలు, ఒళ్లో ఫైలు. సీతారాం శాలువా కప్పాడు. స్రవంతి ఫొటో తీసింది. సీతారాం పదిహేను నిమిషాలు మాట్లాడాడు. పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు.

“ముప్పై ఆరేండ్లు నౌకరి చేసిన బాపూ. రిటైరైన నాడు గూడ నాకు ఎవ్వరు కప్పలేదు.”

ఆయనా మాలాగే ఆఫీసర్ కోసం వచ్చాడు. పెన్షన్ పనట. సీతారాం శాలువా వైపు చూశాడు. నేను సీతారాం వైపు చూశాను. వాడు తిరిగి అడగలేదు.

అసలు ఆఫీసర్ తర్వాత వచ్చాడు. ఎల్లేష్ అని పేరు బల్ల మీద ఉంది. మూడు కాగితాల్లో నాది చిన్నది కనుక ముందు అదే చదివాడు.

“ఐదో తారీఖు గురువారం నేనే వచ్చి చూస్త. ఆ తెల్లారే లిస్టు పైకి పోతది. ఇగ తర్వాత నా చేతుల ఏం ఉండది.”

“పదిన్నరకు రాండ్రి సార్” అంది కుబ్రా.

“ఎప్పుడొస్తనో చెప్పి వస్తే అది తనిఖీ ఎట్లయితది టీచరమ్మా?”

తిరిగి వస్తుంటే స్రవంతి తల పట్టుకుంది. “గురువారమే దొరికిందా? అక్క నోరు తెరవని రోజు!”

“ఏం గాదు. నేను మాట్లాడుత” అన్నాడు సీతారాం.

ఆటో దిగేదాకా స్రవంతి తల పట్టుకునే ఉంది.

జనవరి 30, శుక్రవారం

చెప్పులు లేవు. గుడ్డు లేదు. కుబ్రాకు, ఆయా నాగమణమ్మకు ఎక్కడో ట్రైనింగట, రెండు రోజులు సెలవు. ఇల్లంతా నిశ్శబ్దం. ఇన్నాళ్లకు హాయిగా జపం చేసుకోవచ్చు.

నాలుగుసార్లు లెక్క తప్పింది. చలి వల్ల.

జనవరి 31, శనివారం

చెప్పులు లేవు. పిల్లి కిటికీ గట్టు మీద పొద్దున్నుంచీ కూర్చుని ఉంది. దానికి చెప్పాను, సోమవారం దాకా ఆగాలని.

ఫిబ్రవరి 3, మంగళవారం

ఇరవై రెండు జతలు. గుడ్డు.

సీతారాం ఒక ఉపాయం చెప్పాడు. గురువారం పొద్దున సంఘం దుకాణదారుల పిల్లల్ని తెచ్చి కూర్చోబెడతాడట.

“అబద్ధం వద్దు” అన్నాను.

“అబద్ధం కాదక్కా. బందోబస్తు.”

“నక్కో భయ్యా. మా పిల్లలు మాకున్నరు గద” అంది కుబ్రా.

“ఉన్నరు. పదిన్నరకు ఉన్నరు. ఆయన తొమ్మిదిన్నరకే వస్తే ఏం చూపిస్తవ్? చాపనా?”

కుబ్రా చాప వైపు చూసింది. చూపించేది నా దగ్గర ఉంది. కానీ ఏదో పని గుర్తొచ్చి లోపలికి వచ్చేశాను. ఆ పని ఏమిటో ఇప్పుడు గుర్తు లేదు.

ఫిబ్రవరి 4, బుధవారం

ఇరవై రెండు జతలు, ఒక ఒంటి చెప్పు. గుడ్డు.

సాయంత్రం స్వామి ముందు కూర్చున్నాను. ఏమీ అడగలేదు. కొబ్బరికాయకు పసుపు రాశాను.

ఫిబ్రవరి 5, గురువారం

పుస్తకం ఆఫీసుకు పోయింది. ఇది క్యాలెండర్‌లోంచి చింపిన జనవరి కాగితం వెనక రాస్తున్నాను.

మౌనం.

తొమ్మిదింబావుకు కిటికీలోంచి చూశాను. గుమ్మం ముందు ఐదు జతల చెప్పులు, పదమూడు జతల నల్ల స్కూలు బూట్లు. సీతారాం బందోబస్తు. పిల్లలందరినీ చాప మీద మోకాళ్లు ముడిచి కూర్చోబెట్టాడు. అలాగైతే చిన్నగా కనిపిస్తారట.

తొమ్మిదిన్నరకు ఎల్లేష్ సార్ వచ్చాడు. ముందు బూట్లు చూశాడు. తర్వాత పిల్లల్ని చూశాడు. బట్టల దుకాణం వాళ్ల స్వీటీ ముందు ఆగాడు. దాని మోకాళ్లు గడ్డాన్ని దాటి పైకొచ్చాయి.

“ఎన్నేండ్లు బిడ్డా నీకు?”

స్వీటీ సీతారాం వైపు చూసింది. “మూడున్నర సార్.”

“మస్తు పొడుగున్నవ్. ఏమేం వచ్చు నీకు? పాట వస్తదా?”

“పద్దెనిమిదో ఎక్కం వస్తది సార్.”

మొదటి నుంచి చివరిదాకా ఒక్క తప్పు లేకుండా చెప్పింది. సీతారాం అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టాడు.

సార్ ఫైలు మూశాడు. కోపం కూడా రాలేదు ఆయనకు, అందుకే భయమేసింది. “ఏందన్నా ఇది? ఉన్న పిల్లలకు పైసల్ ఇయ్యమని అర్జీ పెట్టి లేని పిల్లల్ని తెస్తిరి. ఇప్పుడు నేను దేన్ని నమ్మాలె?”

“సార్, ఒక్క గంట ఆగండ్రి. మా పిల్లలు వస్తరు, అల్లా కసం” అంది కుబ్రా.

“గంటయినంక ఇంకో గల్లీల పిల్లలు దిగరని గ్యారంటీ ఏంది టీచరమ్మా? ఫోన్ల చూస్తే ఆరుగురు. ఫోన్ వచ్చినంక కాయితం రిజిస్టర్ మీరు బంద్ చేస్తిరి. అర్జీ మీది సంతకాలన్నీ మీ వాళ్లవే. ఈ సెంటర్ ఉండాలని కోరని మనిషి, బయటి మనిషి, రోజూ చూసి రాసింది ఏమన్న ఉంటే చూపియ్యండ్రి. లేకుంటే నేను చేసేది ఏం లేదు.”

కుబ్రా కొంగుతో ముఖం కప్పుకుంది. నాగమణమ్మ ఉడకని గుడ్ల గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది.

నేను పూజగదిలోకి వెళ్లాను. పుస్తకం పీట కింద ఉంది. అందులో ఉన్నవి చెప్పులు మాత్రమే కాదు. సీతారాం ఉన్నాడు, స్రవంతి ఉంది, నేనున్నాను. కొన్ని పేజీలు చింపేద్దామనుకున్నాను. ఏ పేజీ పట్టుకున్నా పైన చెప్పులున్నాయి. స్వామి వైపు చూశాను. ఆయనా ఏమీ అనలేదు. ఆయనకూ గురువారమే.

తెచ్చి సార్ చేతిలో పెట్టాను.

“ఏందమ్మా ఇది?”

పెదవుల మీద వేలు పెట్టుకున్నాను.

“అక్క గురువారం మాట్లాడది సార్” అన్నాడు సీతారాం.

“మిగతా రోజులు?”

“మిగతా రోజులు గూడ గంతే.”

సార్ మొదటి పేజీ చదివాడు. ‘ఈ పిల్లల లొల్లి నుంచి విముక్తి కోసం’ అని ఉంది. కనుబొమలు పైకి లేచాయి. గడప మీద కూర్చుని అక్కడక్కడా పైకి చదవడం మొదలుపెట్టాడు.

“‘జూన్ 24. ఇరవై జతలు. గుడ్డు వాసన. అగరొత్తులు రెండు ఎక్కువ వెలిగించాను.’ ‘జూన్ 25. పదిహేడు జతలు. ఈ రోజు గుడ్లు మాడాయి.’”

“ఆ ఒక్క దినమే సార్! నీళ్లు ఇంకినయి” అంది నాగమణమ్మ.

“‘ఆగస్టు 8. పంతొమ్మిది జతలు. గుడ్డు. సీతారాం తన గురించి చెప్పాడు. నలభై నిమిషాలు.’”

సార్ సీతారాం వైపు చూసి, అర్థమైనట్టు తల ఊపాడు.

“‘సెప్టెంబర్ 14. ఆదివారం, చెప్పులు లేవు. స్రవంతి వంకాయ కూర తెచ్చింది. బాగుందన్నాను. స్వామీ, క్షమించు.’”

“అక్కా!” అంది స్రవంతి.

ఆపమని చెయ్యి చాచాను. పేజీ తిప్పమంటున్నాననుకున్నాడు. తిప్పాడు.

“‘డిసెంబర్ 10. పదహారు జతలు. గుడ్డు. ఎర్ర చెప్పులు లేవు. తహ్రీమ్‌కు జ్వరమట. గుమ్మం దాకా మూడుసార్లు వెళ్లి వచ్చాను. గాలి కోసం.’”

అక్కడ ఆగాడు. తర్వాత పైకి చదవలేదు. లోపలే చదువుకుంటూ పోయాడు. మధ్యలో ఒకసారి నవ్వాడు. ఎక్కడో నాకు తెలియదు. అడగడానికి లేదు.

పదీ ఇరవై అయింది. ఎర్ర చెప్పులు వచ్చాయి. తర్వాత నీలం, తర్వాత అన్నాచెల్లెళ్ల రెండు జతలు, తర్వాత అద్నాన్ కుంటుకుంటూ ఒక కాలికి చెప్పుతో. సార్ గడప మీద నుంచి లేవలేదు. నేను లెక్కపెట్టినట్టే, వేలితో ఒక్కొక్క జతా లెక్కపెట్టాడు. బూట్ల జోలికి పోలేదు.

“ఇరవై ఒక్క జతలు, ఒక ఒంటి చెప్పు. ఈ ఒంటి చెప్పు ఉగాది నుంచి గిట్లనే ఉందా?”

“అద్నాన్‌ది సార్. ఎన్ని జతలు కొన్నా వానికి ఒక్కటే మిగుల్తది” అంది కుబ్రా. ఏడుస్తూనే నవ్వింది.

తహ్రీమ్ సార్ మోకాలు పట్టుకుని నన్ను చూపించింది. “నానీ ఆజ్ బాత్ నై కర్తే.”

“తెలిసింది బిడ్డా, ఇయ్యాల మాట్లాడది” అన్నాడు సార్. నా వైపు తిరిగాడు. “అమ్మా, ఇది వీళ్ల మీద కంప్లైంటు పుస్తకమా?”

తల ఊపాను.

“ఇప్పుడు గూడ వీళ్లు పోవాలనేనా?”

నిలువుగా ఊపాలో, అడ్డంగా ఊపాలో తెలియలేదు. మెడ ఏదో చేసింది. అందరూ నవ్వారు.

“ఫొటో తొమ్మిదిన్నరకు తీస్తే ఇది మాకు ఎట్ల కనిపిస్తది” అన్నాడు సార్, ఎవరితోనూ కాదు. “హాజరు ఉన్నది, గుడ్డు ఉన్నది, సెలవు గూడ ఉన్నది. అది గూడ కోపంతోటి రాసింది. దీన్ని కాదనేది ఎవ్వరు? లిస్టుకు జత చేస్త. నేను గట్టిగనే రాస్త. పైన ఏమంటరో చూడాలె.”

వెళ్లేటప్పుడు సీతారాం సంచిలోంచి శాలువా తీశాడు. సార్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“వద్దన్నా. ఎండాకాలం అయితే కప్పుండ్రి, చెమటకు కరుగుత.”

అంటే జనవరి దాకా చదివేశాడు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఇరవై జతలు. గుడ్డు. లిస్టు ఈ రోజు పైకి పోయింది.

స్రవంతి ఫోన్ చేసింది. “పన్నెండేండ్ల నుంచి నా వంకాయ కూర బాగుందంటివి అక్కా!”

“ఉప్పు తక్కువ” అన్నాను.

ఫోన్ పెట్టేసింది. సాయంత్రం కూర తెచ్చింది. ఉప్పు ఎక్కువ. బాగుందన్నాను.

సీతారాం వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు. గడియారం చూశాను. నలభై నిమిషాలు.

ఫిబ్రవరి 11, బుధవారం

పంతొమ్మిది జతలు. గుడ్డు. కబురు లేదు.

ఫిబ్రవరి 12, గురువారం

మౌనం. ఇరవై ఒకటి. గుడ్డు, కిటికీ గట్టు మీద సగం. కబురు లేదు.

ఫిబ్రవరి 16, సోమవారం

ఇరవై రెండు జతలు, ఒక ఒంటి చెప్పు. గుడ్డు వాసన పదకొండుకే మొదలైంది. నిన్న శివరాత్రి ఉపవాసం వల్ల ఇంకా గట్టిగా తగిలింది.

కుబ్రా పరిగెత్తుకుంటూ వచ్చింది. గడప దాటింది. దాటినట్టు దానికి తెలియలేదు. నేనూ చెప్పలేదు.

“అమ్మా, ఉన్నది! లిస్టుల మన సెంటర్ ఉన్నది! వచ్చే సాల్‌కు ఇచ్చిన్రు!”

ఆ ఒక్క ఏడాదికే ఇచ్చారు. మళ్లీ వచ్చే జనవరిలో అడుగుతారు. ఫొటో మాత్రం ఇక పదకొండుకు తీయవచ్చు. ఒక షరతు కూడా ఉంది. బయటి మనిషి రోజూ రాసే లెక్క ఆగకూడదు, నెలనెలా ఆఫీసుకు పంపాలి. ఉత్తరంలో నా పేరు వేశారు. ‘శ్రీమతి శారదమ్మ, ఫిర్యాదుదారు.’

మధ్యాహ్నం దుకాణానికి వెళ్లి రెండో పుస్తకం కొన్నాను. అది ఆఫీసుకు. అందులో చెప్పులు, గుడ్డు మాత్రమే. వంకాయ కూర నా పాత పుస్తకంలోనే.

కొబ్బరికాయ కొట్టాను. మొక్కింది వీళ్లు వెళ్లిన రోజుకు. కాయ ఎండిపోతుందని కొట్టాను. ముక్కలు పిల్లలకు సరిగ్గా సరిపోయాయి. జనవరిలో చిన్నదనుకున్నాను గానీ, బాగా పెద్ద కాయే.

ఉత్తరంతో పాటు నా పాత పుస్తకం కూడా తిరిగి వచ్చింది. ప్రతి రోజు పక్కనా ఎర్ర పెన్సిల్‌తో టిక్కు. సార్ నిజంగానే అన్నీ చూశాడు. డిసెంబర్ 10 పక్కన మాత్రం టిక్కుతో పాటు చిన్న అక్షరాల్లో ఒక ప్రశ్న ఉంది.

‘జ్వరం తగ్గిందా?’

కింద రాశాను. తగ్గింది. రెండో నాడే వచ్చింది. ఒకటే లొల్లి.